రేపు ముందే రాసి ఉందా? కాలాన్ని తర్కంలోకి తెచ్చిన ఆర్థర్ ప్రయర్

1953లో ఒక రాత్రి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఆర్థర్ ప్రయర్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ నిద్రపోతున్న భార్యను లేపారు. మంచం మీద కూర్చుని, ఒక వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫుట్‌నోట్ చదివి వినిపించారు. కాలం గురించి ఆయన గురువు జాన్ ఫిండ్లే 1941లో రాసిన వ్యాసం అది. మాటల్లో మనం భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలను వాడే తీరుకు పక్కా నియమాలున్నాయని, వాటితో ఒక గణితం లాంటిది కట్టవచ్చని, మోడల్ లాజిక్ మీద పనిచేసేవాళ్లు ఈపాటికే ఆ పని చేసి ఉండాల్సిందని ఫిండ్లే అందులో అనేసి ముందుకు వెళ్లిపోయారు. ఆ పని నిజంగానే చేయవచ్చని తనకు అనిపిస్తోందని ప్రయర్ ఆ రాత్రి భార్యతో చెప్పారు. మేరీ ప్రయర్ ఈ సంగతిని చాలా ఏళ్ల తర్వాత గుర్తు చేసుకున్నారు.

ఆ ఫుట్‌నోట్ నుంచి మొదలైన తర్కం ఇవాళ కంప్యూటర్ చిప్‌ల డిజైన్లలో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తోంది. ప్రయర్‌కు మాత్రం కంప్యూటర్లతో పని లేదు. ఆయన్ని వెంటాడిన ప్రశ్న మన పల్లెల్లో అరుగుల మీద కూర్చునేవాళ్లకూ తెలిసిందే. రేపు జరగబోయేది ముందే రాసిపెట్టి ఉందా? మనకు అది పొద్దుపోని వేళ మాట్లాడుకునే మాట. ఆయనకు మాత్రం నమ్మిన మతం నిలుస్తుందా పోతుందా అన్నది దాని మీదే ఆధారపడింది.

ప్రయర్ 1914 డిసెంబరు 4న న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని మాస్టర్టన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. కొద్ది వారాలకే తల్లి చనిపోయింది. డాక్టర్ అయిన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేయడానికి వెళ్లారు. పిల్లవాణ్ని బంధువులు పెంచారు. తాతలిద్దరూ మెథడిస్టు మతబోధకులు కావడంతో ఇంట్లో ప్రార్థన, బైబిలు, దేవుడి గురించిన చర్చ రోజువారీ వ్యవహారాలు.

1932లో వైద్యం చదువుదామని డునెడిన్‌లోని ఒటాగో యూనివర్సిటీలో చేరి, కొంతకాలానికే ఫిలాసఫీ వైపు తిరిగారు. ఫిండ్లే ఆయనకు పాఠం చెప్పింది అక్కడే. అక్కడే ఇంకో మార్పు కూడా వచ్చింది. మెథడిస్టుల మతశాస్త్రంలో ఒక క్రమం, ఒక పద్ధతి లేవని ఆయనకు అనిపించింది. దాంతో ప్రెస్బిటేరియన్ చర్చిలోకి మారారు. చిన్న విషయంగా కనిపించినా ఇది చిన్నది కాదు. మెథడిస్టులు మనిషి ఇష్టానికి చోటిస్తారు. దేవుడు పిలుస్తాడు, వెళ్లాలో వద్దో మనిషి తేల్చుకోవాలి. ప్రెస్బిటేరియన్లు కాల్విన్ వారసులు. ఎవరికి మోక్షమో, ఎవరికి కాదో సృష్టికి ముందే నిర్ణయమైపోయిందన్నది వారి సంప్రదాయ బోధ. ఇరవై ఏళ్ల ప్రయర్‌కు ఆ కఠినమైన లెక్కే నచ్చింది. చర్చి బోధకుడు కావాలని మతవిద్యాలయంలో కొంతకాలం చదివారు కూడా. ఆ కాలంలో యూరప్‌ను కదిలిస్తున్న స్విస్ మతశాస్త్రవేత్త కార్ల్ బార్ట్ రచనలంటే పడిచచ్చేవారు.

బోధకుడు కాలేదు. ఒటాగోలో కొద్దికాలం పాఠాలు చెప్పి, మొదటి భార్యతో కలిసి యూరప్ వెళ్లి, పత్రికలకు రాస్తూ బతికారు. 1940లో తిరిగి వచ్చాక ఆ పెళ్లి నిలవలేదు. మరోపక్క ప్రపంచం రెండోసారి యుద్ధంలో కూరుకుపోయింది. శాంతివాదిగా ఉన్న ప్రయర్ 1942లో న్యూజిలాండ్ వైమానిక దళంలో వైర్‌లెస్ మెకానిక్‌గా చేరి 1945 దాకా పనిచేశారు. మతాన్ని అసలు చర్చించవచ్చా అన్న ప్రశ్నే శీర్షికగా ఆయన వ్యాసం ఒకటి 1942లోనే వచ్చింది. రకరకాల నమ్మకాలున్న పాత్రలు అందులో వాదించుకుంటాయి. వాటిలో ఒక మనోవిశ్లేషకుడు కూడా ఉంటాడు. నమ్మకం లోపలి నుంచి పగుళ్లిచ్చిన మనిషి మాత్రమే అలాంటిది రాయగలడు. అయినా చర్చితో సంబంధం వెంటనే తెగలేదు. ఏళ్లు పట్టింది.

1943లో మేరీ విల్కిన్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె తండ్రి ప్రెస్బిటేరియన్ బోధకుడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. ఆర్థర్ పోయాక మేరీ ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రకారిణిగా పేరు తెచ్చుకున్నారు. పాత ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల జీవితాల మీద ఆమె సంపాదకత్వంలో వచ్చిన పుస్తకాన్ని ఆ రంగంలో ఇప్పటికీ చదువుతారు. ఆర్థర్ గురించి మనకు తెలిసిన ఇంటి సంగతుల్లో చాలా భాగం ఆమె చెప్పినవే.

కాల్చేసిన నిప్పు, కొత్త దారి

1946లో క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా అందులో ఉన్న కార్ల్ పాపర్ లండన్ వెళ్లిపోవడంతో ఖాళీ అయిన పోస్టు అది. ఇరవయ్యో శతాబ్దపు పేరుమోసిన తత్వవేత్తల్లో ఒకరు లేచిన కుర్చీలో ఇంకా ఎవరికీ తెలియని 31 ఏళ్ల మనిషి కూర్చున్నారు.

1949 ఆయన జీవితంలో రెండు రకాలుగా గుర్తుండే సంవత్సరం. నీతిశాస్త్రానికి తర్కంలో పునాది ఏమిటన్న మొదటి పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అదే ఏడాది మార్చిలో ఇల్లు కాలిపోయింది. అప్పట్లో ఆయన స్కాట్లండ్ మతశాస్త్ర చరిత్ర మీద పెద్ద పుస్తకం రాస్తున్నారు. అగ్నిప్రమాదం తర్వాత ఆ పని మీదికి మళ్లీ వెళ్లలేదు. ఇల్లు కాలకపోతే ఏమయ్యేదో చెప్పలేం. కానీ అప్పటికే ఆయన మనసు తర్కం వైపు మళ్లింది. పోలండ్ తర్కవేత్త యాన్ లుకాసియేవిచ్ పనిని ఒంటపట్టించుకుని, కుండలీకరణాలు అక్కర్లేని ఆ పోలిష్ పద్ధతిలోనే సూత్రాలు రాయడం అలవాటు చేసుకున్నారు. ప్రపంచ తత్వశాస్త్ర కేంద్రాలన్నిటికీ ఓడలో వారాల దూరాన ఉన్న ఊళ్లో కూర్చుని, ఉత్తరాల ద్వారా ఐర్లండ్, ఇంగ్లండ్, అమెరికా తర్కవేత్తలతో ఒక బడి నడిపారు. 1952లో ప్రొఫెసర్ అయ్యారు.

ఇక్కడ మోడల్ లాజిక్ గురించి రెండు మాటలు. ఇందులో మోడల్ అంటే నమూనా కాదు. ఒక సంగతి నిజమా అబద్ధమా అన్నదాన్ని మామూలు తర్కం చూస్తుంది. ఆ నిజం ఎలాంటి నిజం అన్నది మోడల్ లాజిక్ చూస్తుంది. తప్పనిసరిగా నిజమా, నిజం కావడానికి వీలుందా, ఎవరికైనా తెలిసిన నిజమా, ఎప్పటికైనా నిజమవుతుందా అని అడుగుతుంది. అమెరికన్ తత్వవేత్త సి.ఐ. లూయిస్ ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో దీనికి ఆధునిక రూపమిచ్చారు. అయితే ఆయన దృష్టి తప్పనిసరి, సాధ్యం అన్న రెండింటి మీదే. కాలం అందులో లేదు. అసలు అప్పటి తర్కవేత్తలు కాలాన్ని చెత్త కింద ఊడ్చేశారు. వాక్యానికి తేదీ, గంట తగిలిస్తే అది శాశ్వతంగా నిజమో అబద్ధమో అయిపోతుంది, ఇక క్రియకు కాలం ఎందుకన్నది వారి వాదన.

ప్రయర్‌కు ఇది నచ్చలేదు. దీని వెనక పాత మతసమస్య ఉంది. వాక్యాలన్నీ శాశ్వతంగా నిజాలో అబద్ధాలో అయితే రేపటి గురించిన వాక్యాలూ అంతే. అప్పుడు రేపు కూడా అయిపోయినట్టే.

రేపు వీసా ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయిని తీసుకుందాం. ఆమెకు వీసా వస్తుంది అన్న మాట ఇవాళే నిజమైతే, రేపు ఆ కిటికీ అవతల కూర్చునే అధికారి చేతిలో ఏముంది? ఈ చిక్కును దాదాపు 2,300 ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త డయోడోరస్ క్రోనస్ బిగించారు. ఆయన మూడు మాటలు ముందుపెట్టారు. జరిగిపోయినదాని గురించిన నిజం ఇక మారదు. సాధ్యమైనదాని నుంచి అసాధ్యమైనది పుట్టదు. ఇప్పుడు జరగనిది, ఎప్పటికీ జరగబోనిది కూడా జరగడానికి వీలున్నదై ఉండవచ్చు. మూడూ విడివిడిగా చూస్తే ఒప్పుకునేవే. కలిపితే కుదరవని డయోడోరస్ వాదన. ఆ అమ్మాయికి వీసా ఎప్పటికీ రాదనుకోండి. అలాంటప్పుడు రాదన్నది నిన్ననే నిజం. నిన్నటిది గతం కాబట్టి మారదు. మారనిదానికి విరుద్ధంగా జరగడం అసాధ్యం. కాబట్టి వీసా రావడమే అసాధ్యం. డయోడోరస్ మూడోదాన్ని వదిలేశారు. ఇప్పుడు ఉన్నదో, ఇకముందు రాబోయేదో మాత్రమే సాధ్యం అన్నారు.

డయోడోరస్ మీద బెన్సన్ మేట్స్ అనే అమెరికన్ పండితుడు 1949లో రాసిన వ్యాసం ప్రయర్ చేతికి వచ్చింది. ఒక తలుపు తెరుచుకుంది. సాధ్యం అంటే ఇప్పుడో ఇకముందో నిజం కావడం అయితే, మోడల్ లాజిక్‌లోని సాధ్యం స్థానంలో కాలాన్ని పెట్టవచ్చు. గురువు ఫుట్‌నోట్ దానికి తోడైంది. ఇక ఆగలేదు.

1954 ఆగస్టులో వెల్లింగ్టన్‌లో జరిగిన న్యూజిలాండ్ తత్వశాస్త్ర సదస్సులో అధ్యక్షుడి హోదాలో ఆయన ఈ కొత్త తర్కాన్ని మొదటిసారి బయటపెట్టారు. ఆయన పద్ధతి తేలిక. తేదీ తగిలించని వాక్యాన్నే తీసుకోవాలి. వాన కురుస్తోంది అన్నది ఇవాళ నిజం కావచ్చు, రేపు అబద్ధం కావచ్చు. దాని ముందు ఒక అక్షరం పెడితే కాలం మారుతుంది. పి పెడితే ఒకప్పుడు కురిసింది, ఎఫ్ పెడితే ఎప్పుడో కురుస్తుంది, హెచ్ పెడితే ఇంతవరకూ ఎల్లప్పుడూ కురుస్తూనే ఉంది, జి పెడితే ఇకమీదట ఎల్లప్పుడూ కురుస్తూనే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు కూడా. ఎఫ్ తర్వాత పి పెడితే, ఎప్పుడో ఒక రోజున అది గతమై ఉంటుంది అన్నమాట. ఈ అక్షరాలు ఏ నియమాలు పాటిస్తే కాలం ఎలాంటిదవుతుందో ఆయన ఒక్కొక్కటిగా తేల్చారు. కాలానికి మొదలుందా, చివర ఉందా, రెండు క్షణాల మధ్య ఎప్పుడూ మరో క్షణం ఉంటుందా అన్నవన్నీ సూత్రాలుగా మారాయి.

తెలుగు తెలిసినవారికి ఇందులో ఒక సరదా ఉంది. బావ రేపు వస్తాడు అన్నా, బావ ప్రతి ఆదివారం వస్తాడు అన్నా మన క్రియ ఒకటే. మన వ్యాకరణాలు తద్ధర్మం అని వేరే పేరు పెట్టి, కాలంలో ఇమడని ఆ అర్థాన్ని పట్టుకున్నాయి. ప్రయర్ పద్ధతిలోనైతే ఆ రెండు వాక్యాలకు వేర్వేరు సూత్రాలు రాయక తప్పదు.

ఒమాహా కుర్రాడి ఉత్తరం

1955-56లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రతిష్ఠాత్మకమైన జాన్ లాక్ ఉపన్యాసాలకు ప్రయర్‌ను పిలిచింది. అవి 1957లో 'టైమ్ అండ్ మోడాలిటీ' పుస్తకంగా వచ్చాయి. దాన్ని అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాకు చెందిన ఒక కుర్రాడు చదివి, 1958 సెప్టెంబరులో ప్రయర్‌కు ఉత్తరం రాశాడు. అతనికి అప్పటికి 17 ఏళ్లు. పేరు సాల్ క్రిప్కీ.

ప్రయర్ పుస్తకంలో కాలం సరళరేఖ. క్షణం వెనక క్షణం, రైలు పెట్టెల్లా. దీని మీద ఒక సాంకేతిక పొరపాటును ఎత్తిచూపుతూ, భవిష్యత్తును చెట్టులా ఊహించవచ్చు కదా అని క్రిప్కీ సూచించాడు. ఇవాళ అనే బిందువు నుంచి రేపటికి కొమ్మలు చీలతాయి. వెనక్కి చూస్తే ఒకటే మాను, ముందుకు చూస్తే ఎన్నో కొమ్మలు. తర్వాతి ఏళ్లలో సాధ్య ప్రపంచాల సిద్ధాంతంతో మోడల్ లాజిక్‌కు క్రిప్కీయే శాశ్వత రూపం ఇచ్చారు. ఆ దారిలో ప్రయర్ కూడా తన ఐరిష్ మిత్రుడు కెరూ మెరెడిత్‌తో కలిసి 1956లోనే కొంత దూరం నడిచారు. క్రైస్ట్‌చర్చ్ నుంచి సైక్లోస్టైల్ కాగితాలుగా కొద్దిమందికి పంపారు. పేరు మాత్రం క్రిప్కీకే దక్కింది, అది న్యాయమే. సిద్ధాంతాన్ని పూర్తిగా కట్టింది క్రిప్కీయే.

పొరపాటు చూపిన కుర్రాడి ఉత్తరాన్ని ప్రొఫెసర్లు ఎలా తీసుకుంటారో మనకు తెలియంది కాదు. ప్రయర్ ఆ చెట్టును తీసుకుని దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు, ఆ ఆలోచన క్రిప్కీదని పుస్తకంలో రాశారు. ఆయన వెతుకుతున్న జవాబు ఆ కొమ్మల్లోనే దొరికింది. డయోడోరస్ వాదనలోని బలహీనమైన మెట్టు ఎక్కడుందో చెట్టు చూపిస్తుంది. రాదన్నది నిన్ననే నిజం అన్న మెట్టు అది. దాని మీద ప్రయర్ రెండు జవాబులు కట్టి, ఇద్దరు పాత తత్వవేత్తల పేర్లు పెట్టారు. ఒకటి మధ్యయుగపు క్రైస్తవ సన్యాసి ఒకామ్ పేరు మీద. నిన్న నిజం అని చెప్పినా ఆ మాట అసలు రేపటి గురించినది, దానికి గతపు బిగుతు లేదు అన్నది ఆ దారి. రెండోది అమెరికన్ తత్వవేత్త పియర్స్ పేరు మీద. ఏ కొమ్మన పోయినా జరిగేదైతేనే జరుగుతుంది అనవచ్చు, కొమ్మలు ఇంకా విడిపోయి ఉన్నప్పుడు ఆ మాట నిజం కాదు. ప్రయర్ ఈ రెండోదాని వైపే మొగ్గారు.

దాని పర్యవసానం ఏమిటో దాచుకోలేదు. దేవుడికి అన్నీ తెలుసన్న మాట మీద 1962లో వ్యాసం రాశారు. తెలియాలంటే ముందు అది నిజమై ఉండాలి. మనుషులు ఇంకా తేల్చుకోని రేపటి విషయంలో తెలుసుకోవడానికి నిజమే ఇంకా లేదు. అందుకని దేవుడికీ అది తెలియదు. తెలియకపోవడం దేవుడి లోపం కాదు, అక్కడ తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. ఇరవైల్లో కాల్విన్ లెక్కను ఇష్టపడి చర్చి మారిన మనిషి, యాభైకి దగ్గరపడుతూ దాన్ని అదే లెక్కతో తిరగరాశారు. చివరికి తనను అజ్ఞేయవాదిగా భావించుకునే స్థితికి వచ్చారు.

1959లో మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లారు. అదే ఏడాది వచ్చిన చిన్న వ్యాసం ఒకటి ఇప్పటికీ కాలం మీద పాఠాల్లో తప్పక కనిపిస్తుంది. దాని విషయాన్ని తెలుగులో ఒక్క ముక్కలో చెప్పవచ్చు, హమ్మయ్య అయిపోయింది. పరీక్ష ఫలానా తేదీ మధ్యాహ్నం 12 గంటలకు ముగుస్తుంది అన్న సంగతి విద్యార్థికి నెల ముందు నుంచీ తెలుసు. ఆ సంగతి పరీక్షకు ముందూ నిజమే, తర్వాతా నిజమే. కానీ హమ్మయ్య అనేది 12 దాటాకే. తేదీలతో చెప్పే నిజాల్లో ఆ ఊరటకు కారణం లేదు. అది అయిపోయింది అన్న భూతకాలంలోనే ఉంది. క్రియకు కాలం ఎందుకని అడిగిన తర్కవేత్తలకు ఇదే ఆయన సమాధానం.

ఈ మాట కంప్యూటర్లకు కూడా పనికొస్తుందని ఆయన అనుకుని ఉండరు. ఆరు గంటలకు బండి అని రోబోకు ఎంత బాగా ఎక్కించినా, ఇప్పుడు ఆరవబోతోంది అన్న ముక్క తెలియనిదే అది కదలదు. తెలిసిన విషయాన్ని యంత్రంలో ఎలా రాసిపెట్టాలి, దాని మీద యంత్రం ఎలా ఆలోచించాలి అన్న రంగాన్ని నాలెడ్జ్ రిప్రజెంటేషన్ అంటారు. కృత్రిమ మేధలో చాలా పాత శాఖ ఇది. దీనికి పునాది వేసిన వ్యాసాల్లో ఒకటి జాన్ మెకార్థీ, పాట్రిక్ హేస్ 1969లో ప్రచురించినది. ఏది మారుతుందో చెబితే చాలు, మారనివన్నీ కూడా యంత్రానికి విడిగా చెప్పాలా అన్న ఫ్రేమ్ సమస్యకు పేరు పెట్టింది అందులోనే. తమకు పనికొచ్చే తత్వశాస్త్రం ఎక్కడుందని వెతుకుతూ వాళ్లు మోడల్ లాజిక్‌నూ, ఎవరికేం తెలుసు అన్నదాని మీద ఫిన్లండ్ తత్వవేత్త యాక్కో హింటిక్కా 1962లో కట్టిన జ్ఞాన తర్కాన్నీ, ప్రయర్ టెన్స్ లాజిక్‌నూ సమీక్షించారు. ప్రయర్ పుస్తకాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

వాళ్లు మెచ్చిన పుస్తకం 'పాస్ట్, ప్రెజెంట్ అండ్ ఫ్యూచర్', 1967లో వచ్చింది. అప్పటికి ప్రయర్ ఆక్స్‌ఫర్డ్ బేలియల్ కాలేజీలో ఫెలో. ఆ పుస్తకంలో ఒకచోట, కాలాన్ని విడివిడి అడుగులుగా చూసే తర్కం గురించి చెబుతూ, కాలం నిజంగా అలా ఉందని నమ్మనక్కర్లేదని, ఒక స్థితి తర్వాత ఏ స్థితి వస్తుందో మాత్రమే చూసే చోట, ఉదాహరణకు డిజిటల్ కంప్యూటర్ పనితీరులో, ఇది పనికొస్తుందని గుర్తించారు. అంతే, ఆ విషయాన్ని అక్కడితో వదిలేశారు. ఒక ఫుట్‌నోట్ నుంచి జీవితం కట్టుకున్న మనిషి తానూ అలాంటిదే ఒకటి వదిలి వెళ్లారు.

1968లో ఇంకో విత్తనం వేశారు. క్షణాల స్థానంలో మనుషులను పెడితే ఏమవుతుందని అడిగారు. నిలబడి ఉండటం అన్నది కొందరు మనుషుల దగ్గర నిజం, కొందరి దగ్గర కాదు, వాన కొన్ని క్షణాల్లో నిజమైనట్టే. ఇది చదివినప్పుడు ఆటలా ఉంటుంది. కానీ తల్లి, డాక్టర్, పిల్లలందరూ డాక్టర్లయిన తల్లి లాంటి భావనలను కంప్యూటర్లో రాసే డిస్క్రిప్షన్ లాజిక్‌లు సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటాయి. వాటిలో మూలమైనది అక్షరాలు మార్చి రాసిన మోడల్ లాజిక్కేనని క్లాస్ షిల్ట్ అనే జర్మన్ పరిశోధకుడు 1991లో చూపించారు. ఆస్పత్రుల రికార్డుల్లో వాడే స్నోమెడ్ సీటీ అనే వైద్య పదజాలం ఈ కుటుంబానికి చెందిన తర్కం మీదే నడుస్తుంది. ఒక్క క్షణంలో మాత్రమే నిజమయ్యే వాక్యాన్ని ఆ క్షణానికి పేరుగా వాడుకోవచ్చన్న ప్రయర్ ఉపాయం తర్వాత హైబ్రిడ్ లాజిక్ అనే శాఖగా పెరిగింది.

ఇవేవీ ఆయన చూడలేదు. ఉపన్యాసాల కోసం నార్వే వెళ్లిన ప్రయర్ 1969 అక్టోబరు 6న ట్రోన్‌హైమ్‌లో చనిపోయారు. వయసు 54. సగంలో ఉన్న పుస్తకాలను మిత్రులు సర్ది తర్వాత అచ్చు వేశారు.

గేటు, రైలు, చిప్

ఏడేళ్ల తర్వాత ఇజ్రాయెల్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఆమిర్ నూయెలీ పరిశోధన సెలవు మీద అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి వెళ్లారు. ఆయన్ని ఒక సమస్య వేధిస్తోంది. అప్పటిదాకా ప్రోగ్రాం సరైనదని నిరూపించడం అంటే, ఇది ఇస్తే అది రావాలి, వచ్చి ఆగాలి. కానీ ఆపరేటింగ్ సిస్టం ఆగకూడదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆగకూడదు. ఆగనిదాన్ని సరైనదని ఎలా నిరూపించాలి? అక్కడ ఉండగా ప్రయర్ టెన్స్ లాజిక్ ఆయన కంటపడింది. 1977లో నూయెలీ ప్రోగ్రాంలకు టెంపోరల్ లాజిక్ వాడుతూ రాసిన వ్యాసం వచ్చింది.

రైల్వే లెవల్ క్రాసింగ్‌ను ఊహించుకుంటే విషయం అర్థమవుతుంది. గేటు తెరిచి ఉండగా రైలు ఎప్పటికీ రాకూడదు. ఇది ప్రయర్ జి. ఒక్కసారి కూడా తప్పకూడదు. ఈ షరతు మాత్రమే పెడితే గేటును జీవితాంతం మూసి ఉంచినా సరిపోతుంది, షరతు తప్పలేదు, లారీల వరుస మాత్రం పక్క ఊరి దాకా ఉంటుంది. అందుకని మూసిన గేటు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకోవాలి అన్న రెండో షరతు కావాలి. అది ప్రయర్ ఎఫ్. ఈ రెండు అక్షరాలతో, వాటికి తోడు ఫలానాది జరిగేదాకా అనే అర్థమిచ్చే ఇంకో గుర్తుతో, ఆగకుండా నడిచే యంత్రం గురించి చెప్పాల్సినదంతా చెప్పవచ్చు. ఆ మూడో గుర్తు కూడా ప్రయర్ ఇంటిదే అనుకోవచ్చు. ఆయన 1965లో లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెబుతుండగా విన్న హాన్స్ కాంప్ 1968లో తన పీహెచ్‌డీలో దాని బలాన్ని నిరూపించారు.

1980ల మొదట్లో అమెరికాలో ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, ఫ్రాన్స్‌లో జోసెఫ్ సిఫాకిస్, జాన్ పియర్ క్వేల్ ఈ షరతులను కంప్యూటరే సరిచూసే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు మోడల్ చెకింగ్. ఇక్కడి మోడల్ మాత్రం నమూనాయే. డిజైన్ చేరగల స్థితులన్నిటినీ వెతికి, షరతు తప్పే దారి ఉంటే దాన్ని అడుగడుగునా చూపిస్తుంది. 1994లో పెంటియం చిప్ భాగహారంలో తప్పు బయటపడి, చిప్‌లు మార్చివ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకున్నాక పరిశ్రమ ఇలాంటి నిరూపణ పద్ధతుల మీద గట్టిగా డబ్బు పెట్టింది. నూయెలీకి 1996లోనూ, క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007లోనూ కంప్యూటర్ సైన్సులో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

నూయెలీ కాలం సరళరేఖ. యంత్రం నడిచే ఒక్కో తీరును ఒక్కో గీతగా చూసింది. క్లార్క్, ఎమర్సన్‌ల కాలం చెట్టు. ఏది మేలన్నదాని మీద కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1980లంతా వ్యాసాల మీద వ్యాసాలు రాసి తగువులాడుకున్నారు. క్రైస్ట్‌చర్చ్ ప్రొఫెసర్‌కూ ఒమాహా కుర్రాడికీ మధ్య ఉత్తరాల్లో నడిచిన చర్చ అది. తేడా ఒక్కటే. ఇంజనీర్లకు ఏ కొమ్మ నిజమవుతుందన్నది అనవసరం. తప్పు ఏ కొమ్మలో ఉన్నా పట్టుకోవాలి కాబట్టి అన్ని కొమ్మలూ చూస్తారు. దేవుడికి రేపు తెలుసా అన్న ప్రశ్న ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదు.

ప్రయర్ కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో పెట్టెల్లో ఉన్నాయి. పోలిష్ గుర్తులతో కిక్కిరిసిన చేతిరాత పేజీలవి. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు మరికొందరితో కలిసి వాటిని ఒక్కొక్కటిగా టైపు చేసి అందరికీ అందుబాటులోకి తెస్తున్నారు. 1958 సెప్టెంబరులో క్రిప్కీ రాసిన ఉత్తరం కూడా ఆ పెట్టెల్లోనే దొరికింది.